మత్స్యకార గ్రామం మీద హాస్య చిత్రం: తెప్ప లెక్క తేలాకే నవ్వు

మీరు అడిగినవి రెండు. వేట సరిగా సాగని ఒక చిన్న సముద్రపు పల్లె మీద తేలికపాటి హాస్య చిత్రం రాసుకున్నారు, ఆ పేదరికాన్ని వెక్కిరించినట్టు కాకుండా నవ్వు ఎలా పుట్టించాలి అన్నది మొదటిది. విశాఖ, శ్రీకాకుళం తీరంలో చిన్న బృందంతో దాన్ని ఎలా తీయాలి అన్నది రెండోది. మీరు విడివిడిగా అడిగినా రెండింటి జవాబూ ఒక్కచోటే మొదలవుతుంది. ఆ ఊళ్లో రూపాయి ఎలా వస్తుందో, ఎలా పోతుందో కాగితం మీద పెట్టండి. అది తేలకుండా రాసిన జోకులన్నీ బయటివాడి జోకులే అవుతాయి.

ఈ కోవలో ముందుగా చూడాల్సింది కెనడా నుంచి వచ్చిన ‘లా గ్రాండ్ సెడుక్సియోన్’, 2003. రచన కెన్ స్కాట్, దర్శకత్వం జాన్ ఫ్రాన్స్వా పూలియో. క్యూబెక్ ఉత్తర తీరాన హారింగ్టన్ హార్బర్ అనే చిన్న ఊళ్లో తీశారు. 2004 సండాన్స్ చిత్రోత్సవంలో ప్రేక్షకుల బహుమతి అందుకుంది. దాన్నే 2013లో కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ నేపథ్యంలో ‘ది గ్రాండ్ సెడక్షన్’ పేరుతో ఇంగ్లిషులో మళ్లీ తీశారు. దర్శకుడు డాన్ మెక్‌కెల్లర్, ఊరి పెద్దగా బ్రెండన్ గ్లీసన్. కథ ఒక్క ముక్కలో చెప్పొచ్చు. చేపలు పోయిన ఊరికి ఫ్యాక్టరీ రావాలి, ఫ్యాక్టరీ రావాలంటే ఊళ్లో డాక్టరు ఉండాలి. నెల రోజులకని వచ్చిన ఒక పట్నం డాక్టరుకి ఆ ఊరు స్వర్గంలా కనిపించేలా ఊరంతా కలిసి నాటకం ఆడుతుంది.

ఆ నవ్వు కింద ఉన్నది గట్టి నేల. 1992 జులై 2న కెనడా ప్రభుత్వం న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేపల వేటను ఆపేసింది. దాదాపు 30,000 మందికి ఒక్క దెబ్బతో పని పోయింది. రెండేళ్లని చెప్పిన నిషేధం మూడు దశాబ్దాలు సాగి, 2024లో గానీ అధికారికంగా ముగియలేదు. సినిమాలో మగవాళ్లు ప్రభుత్వ సాయం చెక్కు కోసం వరసలో నిలబడే సన్నివేశం చూడండి. ఎవరూ ఏడవరు, ఉపన్యాసం ఇవ్వరు. ఆ వరస మనసులో ఉండబట్టే తర్వాత వాళ్లు ఆడే ప్రతి అబద్ధమూ మనకి ముద్దుగా అనిపిస్తుంది. డాక్టరు సంతోషపడాలని అతను నడిచే దారిలో రోజూ డబ్బు దొరికేలా పెట్టడం ఆ నాటకంలో ఒక భాగం. పెడుతున్నది సాయం డబ్బుల మీద బతికేవాళ్లు. డబ్బున్న ఊరు అదే పని చేస్తే అది వట్టి చిలిపితనం. ఇక్కడ పెట్టిన ప్రతి నోటూ ఎవరింట్లోనో ఒక పూట సరుకు. మీ కథ కూడా ఈ సూత్రం మీదే నిలబడాలి. ఊరు ఆడే ప్రతి అబద్ధానికీ ఒక ఖర్చుండాలి, ఆ ఖర్చెంతో ప్రేక్షకుడికి తెలిసుండాలి.

అందుకే తెప్ప లెక్క. ఇది ఉదాహరణకి మాత్రమే, అసలు అంకెలు మీరు ఎంచుకున్న ఊళ్లో రాసుకోండి. ఒక ఫైబర్ తెప్ప, చిన్న ఇంజను, అయిదుగురు మనుషులు. తెల్లవారుజామున బయల్దేరి పొద్దెక్కాక ఒడ్డుకి వచ్చారు. డీజిలుకి 2,000, ఐసుకీ బత్తాకీ 600. వేలంలో చేపకి 6,000 పలికింది. ఖర్చు పోగా మిగిలింది 3,400. అందులో సగం తెప్పకీ వలకీ వాటా అనుకుందాం. మిగతా 1,700 అయిదుగురికి పంచితే మనిషికి 340. ఈ పంపకం ఊరూరికీ మారుతుంది. ఒకచోట ఇంజనుకి విడిగా వాటా ఉంటుంది, ఒకచోట వలలు ఎవరివి వాళ్లవే. దీని మీద ఇంకో పొర ఉంది. తెప్ప కొనడానికి అడ్వాన్సు ఇచ్చిన సావుకారికే చేప వెయ్యాలి, అతను కట్టే ధర బయటి ధరకంటే తక్కువ. అంటే 6,000 పలికే చేపకి చేతికొచ్చేది ఇంకా తక్కువే.

ఇప్పుడు సన్నివేశం రాయండి. ఊరికి వచ్చిన అధికారికి వంజరం కూర పెట్టాలని పెద్దలు నిర్ణయించారు. ఆ వంజరం వేలానికి పోకుండా ఎవరి వాటాలోంచి ఆగింది? ఆ ఒక్క ప్రశ్న మీద తెప్పలో అయిదుగురి మధ్య వచ్చే గొడవ, అధికారి ముందు అయిదుగురూ నవ్వుతూ వడ్డించడం, అతను ‘ఇంకో ముక్క వెయ్యండి’ అనడం. దీనికి జోకు రాయక్కర్లేదు. 340 రూపాయల అంకె అప్పటికే ప్రేక్షకుడి తలలో ఉంటే చాలు.

మీ రాతప్రతిలో ఊరికి ‘ఒక కంపెనీ’ రావాలని ఉంది. అది పలుచగా ఉంది. మన తీరానికి నిజంగా అతికే కారణం పట్టుకోండి. నన్నడిగితే ఐసు ఫ్యాక్టరీ. ఐసు లేని ఊళ్లో చేప వచ్చిన గంటల్లో అమ్ముడుపోవాలి, బేరమాడే బలం ఉండదు. ఐసు ఉంటే సాయంత్రం దాకా ఆగొచ్చు. ఊరి తలరాత ఇక్కడే మారుతుంది, పల్లెలో చిన్నపిల్లకి కూడా ఇది అర్థమవుతుంది. పైగా ఇందులో ఒక అసలైన నిబంధన మీకు సిద్ధంగా దొరుకుతుంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద వ్యక్తిగత యూనిట్లకి సాధారణ వర్గానికి ఖర్చులో 40 శాతం రాయితీ, మహిళలకీ ఎస్సీ ఎస్టీలకీ 60 శాతం. ఊరి సభలో ఏనాడూ ఆడవాళ్లని మాట్లాడనివ్వని పెద్దమనుషులు ఆ 20 శాతం తేడా కోసం భార్యల్ని యజమానులుగా నిలబెట్టాల్సి వస్తుంది. అధికారి అడిగే ప్రశ్నలకి జవాబు ఎవరికి తెలుసు? వేలం పాడేదీ, చేప కొని తట్టలో సంతకి మోసేదీ, ఎండబెట్టేదీ, లెక్క చూసేదీ ఆడవాళ్లే. నటించమని నేర్పబోయిన మగవాళ్లకే చెమటలు పడతాయి. మీ కథకి ఇదే ఇంజను కావాలని నా గట్టి అభిప్రాయం. రాతప్రతి ఖరారు చేసేముందు జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో ఇప్పటి నిబంధనలు ఒకసారి చూసుకోండి, రాయితీ షరతులు మారుతుంటాయి.

కెనడా సినిమాలో అందరికీ గుర్తుండేది క్రికెట్ ఘట్టం. డాక్టరుకి క్రికెట్ ఇష్టమని తెలిసి, ఆ ఆటంటే ఏమిటో తెలియని ఊరు తెల్లబట్టలు వేసుకుని కొండమీద ఆడుతున్నట్టు నటిస్తుంది. మీరు దాన్నే కొద్దిగా మార్చి వాడారు. మన దగ్గర అది చెల్లదు. తీరంలో ఏ ఊరికెళ్లినా సాయంత్రం ఇసకలో క్రికెట్టే. అక్కడ నవ్వు పుట్టించింది ఆట కాదు, ఊరికి తెలియకపోవడం. కాబట్టి మీ పల్లెకి నిజంగా తెలియనిదేదో వెతకండి. కర్ణాటక సంగీతం, చదరంగం, పొద్దున్నే యోగాసనాలు, ఏదైనా సరే. కెమెరా దూరం నుంచి చూసినప్పుడు సరిగ్గా ఉన్నట్టు, దగ్గరికెళ్తే అంతా తప్పుగా ఉన్నట్టు కనబడేది అయితేనే అది తెరమీద పండుతుంది. కచేరీకి మంచి అవకాశం ఉంది. అలివి వల లాగేటప్పుడు ఇరవై ముప్పై మంది ఒక్క గొంతుతో పాడతారు, తాళం తప్పరు. తాళం వచ్చు, రాగమే రాదు. అలాంటి సగం తెలివి నుంచే మంచి నవ్వు వస్తుంది.

జనాభా ఘట్టం మాత్రం ఇక్కడికి బాగా అతుకుతుంది. ఆ సినిమాలో మనుషులు చాలక ఒకే జనం ఒక చోటు నుంచి ఇంకో చోటుకి పరుగెత్తి రెండుసార్లు లెక్కకి వస్తారు. శ్రీకాకుళం తీరంలో చాలా పల్లెల మగవాళ్లు ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీద కళాసీలుగా, అంటే బోటు పనివాళ్లుగా ఉంటారు. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. వేటకెళ్లే మగవాళ్లు ఇంతమంది ఉన్నారని అధికారికి చూపించాలంటే ఆ ఊరు ఏం చేస్తుంది? ఇక్కడ పరుగూ ఉంది, వెనకాల దిగులూ ఉంది. ఆ దిగులు గురించి ఎవరిచేతా మాట్లాడించకండి. వీడియో కాల్‌లో వేరావల్ నుంచి ఒకడు తన ఇంటి ముందు ఇంకెవడో తన చొక్కా వేసుకుని నిలబడటం చూస్తే సరిపోతుంది.

ఇక తీరం ప్రేక్షకుడు మొదటి అయిదు నిమిషాల్లోనే పట్టేసే తప్పులు. ఇవి చిన్నవనుకోవద్దు. ఒక్కటి దొర్లినా తర్వాతి గంటన్నరా వాళ్లు మీ సినిమాని నమ్మరు.

చేప ముందు. మార్కెట్లో చవకగా దొరుకుతుందని శీలావతి, బొచ్చె తెచ్చి వలలో వేస్తారు. అవి చెరువు చేపలు. సముద్రపు వలలో శీలావతి కనబడితే హాలు నవ్వుతుంది, మీరు అనుకున్న చోట కాదు. తెరమీద గుట్ట నిండుగా కనబడాలంటే కవళ్లు, కానాగంతలు తెప్పించండి, మెరుపు కూడా బాగుంటుంది. ఒక్క పెద్ద చేప ఘనంగా కనబడాలంటే వంజరం. ఉత్తరాంధ్రలో దాన్నే కోనెం అంటారు, మాటల్లో ఆ పేరే వాడండి. పులస ఊసు ఎత్తకండి. అది వరద రోజుల్లో గోదావరికి ఎదురీదే చేప, జనవరి నెల సముద్రపు ఊళ్లో దానికి పని లేదు.

చేప ఎంతసేపు నిలుస్తుందన్నది షూటింగ్‌లో పెద్ద తలనొప్పి. కిలో చేపకి కిలో ఐసు, మన ఎండలకి ఇంతకంటే తగ్గించకండి. ఎండలో ఐసు లేకుండా గంట ఉంచితే కన్ను లోపలికి పోతుంది, మొప్ప ఎరుపు గోధుమ రంగులోకి తిరుగుతుంది, ఒంటి మెరుపు పోతుంది. దగ్గరి షాట్‌లో ఇవన్నీ కనిపిస్తాయి. కాబట్టి ఒక్కో సన్నివేశానికి మూడు జతలు పెట్టుకోండి. ఒకటి కెమెరా ముందు, రెండు ఐసు పెట్టెలో. దగ్గరి షాట్లు ముందు తీసేసి, దూరపు షాట్లకి పాత జత వాడండి. ప్యాకప్ కాగానే ఆ చేపని పారేయకండి, ఊరివాళ్ల కళ్లముందు చేపని ఇసకలో వదిలేసే యూనిట్‌కి మర్నాడు సాయం దొరకదు. మార్కెట్ బిల్లులు దాచుకోండి. ప్రాణమున్న జంతువులు, పక్షులు నటించే సన్నివేశాలుంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి ముందే తెచ్చుకోవాలి, లేకపోతే సెన్సార్ దగ్గర ఆగిపోతారు.

రెండో తప్పు పొద్దు. సముద్రంలోకి సూర్యుడు మునిగే షాట్ మీ రాతప్రతిలో మూడుచోట్ల ఉంది. విశాఖ, శ్రీకాకుళం తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, ఊరి వెనకాల కుంగుతాడు. ఉదయపు షాట్ తీసి సాయంత్రమని వాడుకోవచ్చు అనుకుంటారేమో, తెప్పలు ఎటు కదులుతున్నాయన్నది చూసి ఊరివాళ్లు పట్టేస్తారు. చీకటితో వెళ్లి పొద్దెక్కాక వచ్చే తెప్పలవి. ఈ దిక్కు మీ వెలుగు ప్రణాళికని కూడా నిర్ణయిస్తుంది. ఉదయం సముద్రం వైపు కెమెరా పెడితే మనుషులు నల్లటి నీడలవుతారు, ముఖంలో హాస్యం కనబడదు. మాటలున్న సన్నివేశాలకి ఉదయం కెమెరా ఊరివైపు తిప్పండి. సముద్రం నేపథ్యంగా కావాలంటే మధ్యాహ్నం మూడు దాటాక తీయండి, వెలుగు నటుల ముఖం మీద పడుతుంది.

మూడో తప్పు మాట. తీరంలో ఎవరూ ‘చేపలు పట్టడానికి వెళ్తున్నాం’ అనరు, ‘వేటకెళ్తన్నాం’ అంటారు. చిన్నది తెప్ప, పెద్దది బోటు, బోటు నడిపేవాడు సరంగు. విశాఖ తీరపు జాలర్ల, వాడబలిజల మాట ఒకటి, గోదావరి అగ్నికులక్షత్రియుల యాస ఇంకొకటి, నెల్లూరు వైపు పట్టపు వాళ్ల మాటలో తమిళం కలుస్తుంది. అన్నీ కలిపి ‘సముద్రపు యాస’ అని ఒకటి తయారు చేస్తే అది ఏ ఊరిదీ కాకుండా పోతుంది. మీ ఊరు ఎంచుకున్నాక సంభాషణలు ఆ ఊరి ఆడవాళ్లచేత చదివించి, వాళ్లు మార్చిన మాటే ఉంచండి. వాసన మీద జోకు ఒక్కటి కూడా పెట్టకండి. ఆ జోకు ఎప్పుడూ ఊరి బయటివాడిదే, ఊరివాళ్లని మీ సినిమాకి దూరం చేయడానికి అదొక్కటి చాలు.

ఇక షూటింగ్ ఎప్పుడు. డిసెంబరు చివరి నుంచి మార్చి దాకా సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. జూన్ నుంచి కెరటం పెద్దది, అక్టోబరు నవంబరుల్లో తుపాను భయం. మరో దారి వేట నిషేధ కాలం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజను పడవలేవీ సముద్రంలోకి వెళ్లకూడదు. తెప్పలన్నీ ఒడ్డున ఉంటాయి, మనుషులకి ఖాళీ, వలలు అల్లుకుంటూ ఉంటారు. చిన్న పాత్రలకి ఊరివాళ్లని రోజుకూలి మీద పెట్టుకోవడానికి ఇంతకు మించిన సమయం లేదు, వాళ్లకీ ఆ కూలి అక్కరకొస్తుంది. కానీ ఇంజను తెప్ప మీద సముద్రంలో షాట్ ఒక్కటి కూడా తీయలేరు, మే ఎండ మనుషుల్నీ కెమెరానీ మాడుస్తుంది. అందుకని ఒడ్డు సన్నివేశాలు ఏప్రిల్ రెండో సగంలో, నీటి సన్నివేశాలు ఫిబ్రవరిలో పెట్టుకుని రెండు విడతలుగా తీయడం మంచిది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రి ఇసక మీద పెద్ద లైట్లు వేయకండి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలమది, వెలుగు చూసి పిల్లలు సముద్రం వదిలి ఊరివైపు పోతాయి.

నీటిమీద తీసేటప్పుడు ప్రమాదం ఎక్కడుందో తెలుసుకోండి. నడిసముద్రంలో కంటే ఒడ్డు దగ్గర కెరటం విరిగే చోటే ఎక్కువ తెప్పలు బోల్తా పడతాయి. తిరిగి వచ్చేటప్పుడు వెనక నుంచి కెరటం తగిలి తెప్ప అడ్డం తిరిగితే తర్వాతి కెరటం దాన్ని తిప్పేస్తుంది. ఊరి మనిషి ఆ క్షణం ముందే దూకుతాడు, మీ నటుడికీ కెమెరామన్‌కీ ఆ అలవాటుండదు. కాబట్టి కెరటం దాటే షాట్‌లో తెప్ప మీద ఊరివాళ్లే ఉండాలి, మీ కెమెరా ఒడ్డున ట్రైపాడ్ మీద, పొడుగు లెన్సుతో ఉండాలి. నటుల్ని హార్బరు జెట్టీ నుంచో, ఏరు సముద్రంలో కలిసే చోటి నిలకడ నీటి నుంచో ఎక్కించండి. తెప్పలో కెమెరా పెడితే నటులతో కలిపి ఆరుగురికి మించనివ్వద్దు. అందరికీ లైఫ్ జాకెట్, నటులకి షాట్ మధ్యలో మాత్రమే తీయండి. ఇంకో తెప్ప ఇంజను ఆపకుండా పక్కనే ఉండాలి.

సంభాషణలు నడిసముద్రంలో తీయాలని పట్టుపట్టకండి. ఇంజను మోతలో మాట వినబడదు, ఇంజను ఆపితే తెప్ప తిరిగిపోయి ప్రతి షాట్‌కీ వెలుగు మారుతుంది. నిలకడ నీటిలో తెప్పకి ముందూ వెనకా లంగరు వేసి, కెమెరాని కిందికి దించి, వెనక నీళ్లు మాత్రమే కనబడేలా పెట్టండి. నలుగురు నీళ్లలో నిలబడి అంచుని ఊపాలి, ఊపు లేకపోతే తెప్ప ఇసకమీద ఉన్నట్టే కనబడుతుంది. ఇంజను శబ్దం విడిగా ఓ పది నిమిషాలు రికార్డు చేసుకుని తర్వాత కలపండి. మైకులు చొక్కా లోపల, పెద్ద మైక్‌కి బొచ్చు తొడుగు తప్పనిసరి. పొద్దున పదకొండు దాటితే సముద్రపు గాలి లేస్తుంది, మాటల సన్నివేశాలు అంతకుముందే ముగించండి.

ఇంకో లెక్క, ఆటుపోట్లది. పోటు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఇవాళ ఉదయం ఎనిమిదింటికి తడిసిన ఇసక గీత రేపు అదే వేళకి అక్కడ ఉండదు. ఒకే సన్నివేశం రెండు రోజులు తీయాల్సి వస్తే రెండో రోజు ఆ మేరకు ఆలస్యంగా మొదలుపెట్టండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ రోజూ కెరటాల ఎత్తు, గాలి అంచనా ఇస్తుంది. అదే సంస్థ ఉపగ్రహ సమాచారంతో చేపలు దొరికే అవకాశమున్న చోట్లు దిక్కు, దూరం, లోతుతో సహా చెబుతుంది. ఈ రెండోది మీ కథకి కూడా పనికొస్తుంది. ఆ కబురు అందరి ఫోన్లకీ ఒకేసారి వచ్చి, రహస్యంగా బయల్దేరిన ప్రతి తెప్పా అదే చోట మిగతావాళ్లందరినీ కలుసుకోవడం మంచి సన్నివేశం.

ఉప్పు గాలికి కెమెరా పాడవకుండా ఇసకలో లెన్స్ మార్చకండి. ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరాని అరగంట సంచిలోనే ఉంచి తీయండి, లేకపోతే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. సాయంత్రం మంచినీళ్లతో తడిపి పిండిన గుడ్డతో ఒళ్లంతా తుడవండి. విశాఖ చుట్టూ నౌకాదళ ప్రాంతాలున్నాయి, డ్రోన్ ఎగరేసేముందు, ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటంలో ఆ చోటు ఏ రంగులో ఉందో చూడండి. ఎర్ర ప్రాంతమైతే ఆ షాట్ రాతప్రతిలోంచే తీసేయండి.

ప్రభుత్వ అనుమతుల కాగితాలన్నీ చేతికొచ్చాక కూడా ఊరి కులపెద్దల దగ్గర కూర్చోకుండా కెమెరా దించకండి. ఏ రోజుల్లో గంగమ్మ పండగ, ఏ ఇంట్లో చావు మైల, ఏ తెప్ప ఎవరికి అప్పుపడి ఉంది, ఏ ఇద్దరి మధ్య వల తగాదా ఉంది అన్నది వాళ్లే చెబుతారు. అద్దె తెప్పకి ఒక వేటకి వచ్చే సగటు రాబడి కట్టండి, మనుషులకి విడిగా వాటా ఇవ్వండి. డబ్బు యజమానికి మాత్రమే ఇస్తే కళాసీకి అందదు. సినిమా కూర్పు అయ్యాక, సంగీతం కలపకముందే ఒకసారి ఆ ఊళ్లో తెర కట్టి చూపించండి. గాలికి తెర తెరచాపలా లేస్తుంది కాబట్టి తీరానికి కాకుండా ఊరి లోపలి గోడకి కట్టండి. వేలం పాడే ఆడవాళ్లని ముందు వరసలో కూర్చోబెట్టి, వాళ్లు ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారో నిమిషం, సెకనుతో సహా రాసుకోండి. మొహాలు చూసుకున్న చోట్లన్నీ మళ్లీ కూర్చాలి.